బిజినెస్ స్కూలు వాళ్ళు రెండుసార్లు వచ్చారు

ఈ సంగతి రాసి పెట్టాలనుకోవడానికి కారణం ఒక కాగితం. విశ్వవిద్యాలయంలోని బిజినెస్ స్కూలు వాళ్ళు ఊళ్ళలో తాము చేసే పనుల గురించి ఏడాదికోసారి ఒక నివేదిక వేస్తారు. అందులో మా ఊరి గురించి నాలుగు వాక్యాలున్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి ఆడవాళ్ళు నిజం చెప్పలేదని వాటిలో ఒకటి. ఆ రోజు మా ఊళ్ళో జరిగింది చూసినవాళ్ళు ఎవరైనా అలాగే రాస్తారు. వాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ నివేదిక మా మండల గ్రంథాలయానికి కూడా వచ్చింది. పేపర్ల పక్కన బల్ల మీద ఉంది. రేపు ఎవరో ఒకరు తిరగేస్తారు. ఆ పన్నెండు మంది ఆడవాళ్ళూ అబద్ధాలకోరులనుకుని పేజీ తిప్పుతారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఎప్పుడో నేను నేర్పిన మాట చెప్పారు. అది నా చేత్తో నేనే రాయకపోతే రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. ఆ తర్వాతి చదువంతా బెళుగుప్ప గ్రంథాలయంలోనే. మా ఊరి నుంచి ఏడు కిలోమీటర్లు. చేలో పని లేని రోజు సైకిలెక్కి పోయేవాణ్ణి. మా దగ్గర అలాంటి రోజులకు కొదవ లేదు. తలుపు తీసే వేళకు మెట్ల మీద కూర్చుని ఉండేవాణ్ణి. మొదట పేపర్లు, తర్వాత వ్యవసాయం పుస్తకాలు, తర్వాత చట్టాలు, చివరికి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు. దాన్ని కథల పుస్తకం చదివినట్టు మొదటి పేజీ నుంచి చదివాను. ఆ పుస్తకాల వల్లే నాకు నలుగురిలో మాట్లాడే ధైర్యం వచ్చింది. డిగ్రీ చదివినవాళ్ళు కూడా అర్జీ రాయించుకోవడానికి నా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా వైపు వానలు పోయిన ఏడు కరువు చూడ్డానికి బృందం వస్తుంది. ముగ్గురో నలుగురో కారు దిగుతారు, రాసుకుంటారు, పది నిమిషాలుండి వెళ్ళిపోతారు. ఆ పది నిమిషాల్లో ఊరి కష్టం వాళ్ళ పుస్తకంలోకి ఎక్కాలి. మొదట్లో మావాళ్ళకు అది చేతనయ్యేది కాదు. వచ్చినవాళ్ళకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, బాగుండామని చెప్పేవాళ్ళు. ఒకసారి ఒక అధికారి ఎవరిదో మిద్దె మీద ఆరబోసిన జొన్నలు చూసి, ఇక్కడ పంట బాగానే వచ్చినట్టుందే అన్నాడు. అవి తిండికని బళ్ళారి వైపు నుంచి కొని తెచ్చుకున్న జొన్నలు. ఆ ఏడు కరువు జాబితాలో మా ఊరి పేరు లేదు.

అప్పటినుంచి నేను నేర్పించడం మొదలుపెట్టాను. కారు వస్తుందంటే చేలోకి పోయి ఎండిన చెనిక్కాయ, అదే వేరుశనగ, చెట్టు ఒకటి పీక్కొచ్చి చేత్తో పట్టుకోవాలి. మొదటి మాటే నష్టం మాట కావాలి. ఇంట్లో ఉన్న గింజ కంటికి కనబడకూడదు. అడిగినదానికి రెండు ముక్కలు చెప్పి ఊరుకోవాలి. కొన్నేళ్ళకు నేను చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. కారు మాట వినబడితే చాలు, ఊరు దానంతటదే తయారయ్యేది. పుస్తకాలు చదివినందుకు ఊరికి నావల్ల జరిగిన మేలు ఇదేనని గర్వపడేవాణ్ణి.

బిజినెస్ స్కూలు విస్తరణ విభాగం వాళ్ళ వ్యాను మూడేళ్ళ కిందట మా మండలానికి వచ్చింది. పెద్ద చదువులు ఏమున్నాయో పిల్లలకు చెప్పడం, చిన్న చిన్న సరుకులు చేసి అమ్ముకునేవాళ్ళకు మెళకువలు నేర్పడం వాళ్ళ పని. వాళ్ళ దగ్గర విదేశాల్లో చదువుకునే మార్గాల గురించి ఒక ఇంగ్లీషు కరపత్రం ఉండేది. ఒక సెమిస్టర్ అక్కడ చదివి రావడం, వేసవిలో పోయి రావడం, ఇక్కడ సగం అక్కడ సగం చదవడం, ఇలా. దాన్ని గ్రంథాలయంలో నాలుగు రోజులు కూర్చుని తెలుగులోకి రాసిచ్చాను. విభాగం చూసే మేడమ్ చదివి, మా మండలంలో మీరే మా మనిషి అన్నారు. మెడలో వేసుకునే కార్డు ఒకటి ఇచ్చారు. జీతం లేదు, నేను అడగలేదు.

ఆ కరపత్రం చదివి నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి మా ఊరి గొర్రెలాయన కూతురు. ఊళ్ళో డిగ్రీ దాటిన మొదటి ఆడపిల్ల. చుట్టరికం లేకపోయినా నన్ను సిన్నాయనా అని పిలుస్తుంది. అదే బిజినెస్ స్కూల్లో ఎంబీఏలో చేరింది. చదువులో భాగంగా ఒక ఊరి పనిని తీసుకుని నిలబెట్టి చూపించాలి. ఆమె మన రొట్టెలే చాలు అంది. మా ఆడవాళ్ళు చేసే ఎండు జొన్న రొట్టె అప్పడంలా పెళుసుగా ఉంటుంది, నెల రోజులైనా పాడుకాదు. పన్నెండు మందిని కూడగట్టింది. మూతపడిన పాలకేంద్రం గదిలో పొయ్యిలు వేయించింది. రొట్టెలు, చెనిక్కాయల పొడి కవర్లలో కట్టి సాయంత్రం బస్సుకు వేస్తే బళ్ళారిలో మెస్సులకు, హాస్టళ్ళకు చేరేవి. ఏడాదిగా ఆ బస్సు ఒక్కరోజు కూడా ఖాళీగా పోలేదు.

నెదర్లాండ్స్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదివే అవకాశానికి ఆమె దరఖాస్తు పెట్టింది. ఖర్చంతా వాళ్ళదే. సీటు ఒకటే. వరుసలో ఆమె మొదట ఉంది, ఆమె వెనక ఇంకొక అబ్బాయి. దరఖాస్తులో ఆమె రాసిన ముఖ్యమైన మాట ఇది: ఈ పని నాది కాదు, వాళ్ళది, నేను ఐదు నెలలు లేకపోయినా నడుస్తుంది. ఆ మాట నిజమో కాదో బిజినెస్ స్కూలు వాళ్ళు ఊరికి వచ్చి చూసి, శుక్రవారం సాయంత్రంలోగా నివేదిక పంపాలి. ఆ నివేదిక మీదే సీటు.

బుధవారం వస్తామని సోమవారం ఫోన్ వచ్చింది. ముగ్గురు వస్తారు. విదేశీ చదువుల విభాగం చూసే సారు, మేడమ్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ప్రొఫెసర్. ఆడవాళ్ళు మొహమాటం లేకుండా మాట్లాడాలి కాబట్టి ఆ పిల్ల ఊళ్ళో ఉండకూడదు. సారుకు తెలుగు రాదు, నేను ఉండి ఆయన ఇంగ్లీషుకు తెలుగు చెప్పాలి. ఏమి చెప్పాలో వాళ్ళకు నేర్పకూడదు.

ఆ రాత్రి ఆ పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. సీటు సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దంది. "కాకముందే చెప్పుకుంటే కాదు సిన్నాయనా. అయినాక చెప్పుకుందాం." ఇది మావాళ్ళందరికీ ఉన్న పట్టింపే. సంబంధం ఖాయం కాకముందు, బోరులో నీళ్ళు పడకముందు ఎవరమూ నోరు విప్పం. నాకు తప్పనిపించలేదు. వాళ్ళ అమ్మకు కూడా చెప్పలేదని నాకు అప్పుడు తెలియదు. ఆమె తల్లి ఆ పన్నెండు మందిలో ఒకరు.

కాబట్టి మంగళవారం సాయంత్రం గది దగ్గర నిలబడి నేను చెప్పింది ఇంతే. రేపు ముగ్గురు వస్తాండారు, కారులో. చూసి రాసుకుంటారు. అడిగినదానికి చెప్పండి. ఆ మాటలు వాళ్ళ చెవుల్లో ఎలా పడతాయో నాకు తట్టలేదు. నేను ఆ ప్రొఫెసర్‌తో మాట్లాడాల్సిన ఇంగ్లీషు ముక్కలు మనసులో సర్దుకుంటున్నాను.

ఆ ఏడు చెనిక్కాయ ఇత్తిన తర్వాత వాన మొహం చూపించలేదు. బుధవారం పదకొండు గంటలకు కారు వచ్చింది. నేను కార్డు మెడలో వేసుకుని ఎదురెళ్ళి, గది వైపు తీసుకుపోయాను. మలుపు తిరగగానే నా కాళ్ళు ఆగిపోయాయి. పన్నెండు మంది గది ముందు వరుసగా నిలబడి ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఎండిన చెనిక్కాయ చెట్టు, వేళ్ళకు మట్టితో సహా.

వాళ్ళలో పెద్దది, అందరూ అవ్వా అని పిలిచే మనిషి, సారు నోరు తెరవకముందే ముందుకొచ్చింది.

"ఏముండాది సామీ. అంతా పోయినాది. ఈ చెట్టు సూడు, ఒక్క కాయ లేదు."

సారు నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. మార్చి చెప్పే వీలు లేదు, మేడమ్‌ది కోస్తా అయినా తెలుగే. వారానికి ఎన్ని రొట్టెలు చేస్తారని సారు అడిగాడు.

"యాడ రొట్టెలు సామీ. జొన్నలే లేవు."

పని ఆగిపోయిందా అని అడిగాడు. వానే లేనప్పుడు ఏ పని నడుస్తుందని ఇంకొకామె అంది. నేను తెగించి, "అవ్వా, రొట్టెల సంగతి చెప్పు" అన్నాను. ఆమె నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, నాకు ధైర్యం చెబుతున్నట్టు అంది:

"నాకు తెలుసులే అప్పా. నువ్వు ఊరికే ఉండు."

ఆ మాట మేడమ్‌కు వినబడింది. ఆమె ముఖం మారడం నేను చూశాను. సారు గది లోపలికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. పొయ్యిలు అలికి ఉన్నాయి, పెనాలు లేవు. జొన్నల మూటలు లేవు, కట్టి ఉంచిన కవర్లు లేవు. నిన్న సాయంత్రం దాకా అడుగు పెట్టే చోటు లేని గది ఊడ్చి పెట్టినట్టుంది. గింజ కంటికి కనబడకూడదు కదా. అన్నీ పక్క గొడ్ల కొట్టంలో చొప్ప కింద పెట్టారని తర్వాత తెలిసింది.

చివరిగా, ఆ అమ్మాయి మీకోసం ఏం చేసిందని సారు అడిగాడు. ఏ లెక్కలోనో ఆ పిల్లను ఇరికిస్తారని భయపడ్డారనుకుంటాను. అవ్వే చెప్పింది.

"అది సదువుకునే పిల్ల సామీ. దానికేమి తెలుస్తాది పాపం."

సారు పుస్తకం మూశాడు. ప్రొఫెసర్ ఒకామె చేతిలోని చెట్టు తీసుకుని వేళ్ళు తిప్పి చూసి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు. కారు ఎక్కేముందు సారు నాతో మర్యాదగానే అన్నాడు. మీరు తెలుగు చేసిన కాగితం చాలా బాగుందని విన్నాను, ఆమె దరఖాస్తూ చాలా బాగుంది, వాటిలో ఉన్న పని మాత్రం ఇక్కడ కనబడలేదని. మేడమ్ నా కళ్ళలోకి చూడలేదు.

కారు పోయాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. సంతోషంగా ఉన్నారు. "బాగా చెప్పినామా అన్నా" అని ఒకామె అడిగింది. ఈసారి జాబితాలో ఊరి పేరు ఉంటుందా అని ఇంకొకామె. నేను గది మెట్టు మీద కూలబడి, అప్పుడు చెప్పాను, వచ్చింది ఎవరో, దేనికో, ఏమి పోబోతోందో.

అవ్వ చేతిలోని చెట్టు కింద పడేసింది.

"ఏమప్పా, నువ్వే కదా నేర్పించినావు. కారోళ్ళు వస్తే ఇట్లా చెప్పాలని. నిన్న కూడా కారోళ్ళు వస్తాండారనే కదా చెప్పినావు."

ఆ పిల్ల తల్లి ఒక పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలో చెట్టు అలాగే ఉంది.

"యాడికి పోతాది అది?" అని అడిగింది.

చెప్పాను. ఎన్ని రోజులు అంది. ఐదు నెలలు అన్నాను. "నాకే చెప్పలేదే" అని, గొడ్ల కొట్టం వైపు వెళ్ళి, చొప్ప కింది నుంచి మూటలు ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు వెళ్ళి చేతులు వేశారు. ఆ సాయంత్రం బస్సుకు వేయడానికి ఏమీ లేదు. ఏడాదిలో అదే మొదటిసారి.

రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. ఎట్లా జరిగినాది సిన్నాయనా అంది. దాచకుండా చెప్పాను. అంతా విని ఒకే ఒక మాట అడిగింది. "మా అమ్మ కూడా చెట్టు పట్టుకునిందా?" పట్టుకునింది అన్నాను. ఆమె నవ్వింది. తర్వాత, చెప్పొద్దన్నది నేనే కదా అని ఫోన్ పెట్టేసింది.

నాకు చేతనైంది ఒకటే, అర్జీ. కూర్చుని ఇంగ్లీషులో మూడు పేజీలు రాశాను. రాస్తుండగానే మిద్దె మీద చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే పెద్ద వాన అయింది. ఎన్ని వారాలుగా ఎదురుచూసిన వాన. ఆ సంతోషం లోపలికి రాలేదు.

గురువారం మొదటి బస్సుకు బయల్దేరాను. మా నేలలో పదును రెండు రోజులు కూడా నిలవదు. ఆ తడి ఆరకముందే గింజ నేలలో పడాలి. చెనిక్కాయ పోయిన చేలల్లో ఉలవలు ఇత్తుకోవడానికి అదే ఆఖరు అదను. బస్సు కిటికీలోంచి చూస్తే ఊరూరా జనం విత్తనం గొర్రులు భుజానేసుకుని చేలకు పోతున్నారు. పదును రోజు మా దగ్గర పెళ్ళైనా వాయిదా పడుతుంది. బడికి పిల్లలు రారు, ఇళ్ళకు తాళాలు పడతాయి.

పదిన్నరకు బిజినెస్ స్కూలు చేరాను. సారు నా మూడు పేజీలూ పూర్తిగా చదివాడు. పక్కన మేడమ్, ప్రొఫెసర్ ఉన్నారు. తప్పు నాది, వాళ్ళకు అలా నేర్పింది నేను, మీరు వచ్చింది దేనికో చెప్పనిదీ నేను అని నోటితోనూ చెప్పాను. సారు కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఆయన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మేము మళ్ళీ వస్తే ఈసారి రొట్టెలు కనబడతాయి. అదీ మీరు నేర్పించిందే కాదని నేనెలా నమ్మాలి?"

న్యాయమైన ప్రశ్న. పుస్తకాల్లో వెతికినా జవాబు దొరకనిది. మేడమ్ ఆయనతో ఇంగ్లీషులో ఏదో మెల్లగా అన్నారు. ప్రొఫెసర్ తల ఊపాడు. సారు గడియారం చూసుకుని లేచాడు. ఇప్పుడే వెళతాం, ఊళ్ళో ఎవరికీ తెలియదు కదా అన్నాడు. మీరు మాతో రాకూడదు, మేము తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండాలి, ఫోన్ మేడమ్‌కు ఇవ్వండి అన్నాడు. ఇచ్చాను. ఇస్తూ ఒక మాట నోటిదాకా వచ్చింది, ఈ రోజు పదును, గదిలో ఎవరూ ఉండరని. చెబితే ఇంకో సాకులా ఉంటుందని మింగేశాను. కారు వెళ్ళిపోయింది.

ఆఫీసులో కూర్చునే చోటు లేక నన్ను వాళ్ళ గ్రంథాలయంలో కూర్చోబెట్టారు. విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అడుగుపెట్టడం జీవితంలో అదే మొదటిసారి. ఎన్నేళ్ళ కోరిక. మిద్దెంత ఎత్తు బీరువాలు, చల్లటి గది, చప్పుడు లేని కుర్చీలు. ఒక పుస్తకం తీసుకుని తెరిచాను. అరగంట తర్వాత చూస్తే అదే పేజీలో ఉన్నాను. అప్పటికి కారు సగం దారి కూడా పోయి ఉండదు.

పన్నెండు దాటాక ఆ పిల్ల వచ్చింది. సంగతి మేడమ్ వెళుతూ ఆమెకు చెప్పారట. ఆమెను ఫోన్ ఎవరూ అడగలేదు. తానే తీసి కౌంటర్ మీద లైబ్రేరియన్ ముందు పెట్టి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి.

"మనూరిలో వాన పడిందా సిన్నాయనా?"

"పడింది. మంచి పదును."

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి వేళ్ళు చూసుకుంది. "అట్లయితే అందరూ ఇత్తనానికి పోయింటారు. గదికి తాళం ఏసింటారు."

"ఏసింటారు" అన్నాను. ఆమెతో అబద్ధం ఆడలేకపోయాను.

కాసేపటికి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. దరఖాస్తులో జొన్నలు దొరక్కపోతే ఏమి చేయాలో రాసిందట, బస్సు రాకపోతే ఏమి చేయాలో రాసిందట, ఎవరికైనా జబ్బు చేస్తే ఏమి చేయాలో రాసిందట. "వాన పడితే ఏమి చేయాలో రాయలేదు" అంది. వాన కూడా అడ్డమవుతుందని మా ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎవరు రాస్తారు.

ఒంటి గంటకు కారు చేరి ఉంటుందని లెక్కేసుకున్నాం. రెండు అయింది. తాళం చూసి వెనుదిరిగితే మూడున్నరకల్లా రావాలి. ఆలోపు వస్తే సీటు లేనట్టే అని ఇద్దరమూ అనుకున్నాం, పైకి అనలేదు. మూడున్నర అయింది. నాలుగు అయింది. ఆమె లేచి నీళ్ళు తాగి వచ్చింది. నాలుగున్నరకు కాపలా ఉండే ఆయన లోపలికి వచ్చి, మా ఇద్దరి ముఖాలు చూసి, అడగకుండానే రెండు గ్లాసుల టీ తెప్పించి వరండాలోకి పిలిచాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

కారు ఐదుంబావుకు వచ్చింది. సారు దిగాడు. ఆయన చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. మోచేతి మీద తెల్లగా ఏదో అంటుకుని ఉంది. జొన్న పిండి అని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ఆయన మమ్మల్ని చూసి ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మేడమ్ మాత్రం మా దగ్గర నిలబడి జరిగింది చెప్పారు.

గది తెరిచే ఉందట. లోపల నలుగురే ఉన్నారు. అవ్వ పెనం ముందు కూర్చుని ఉంది. కారు చప్పుడు విని కూడా లేవలేదట. కరెంటు లేదు, కవర్లు కొవ్వొత్తి మంట మీద అతికిస్తున్నారు. సారు ఏదో అడగబోతే అవ్వ, "నిలబడే పనయితే ఈ కవరు పట్టుకో సామీ. నిన్న బస్సు ఖాళీగా పోయినాది, ఈ పొద్దు పంపాల" అందట. ఆయన గంటన్నర సేపు కవర్లు పట్టుకున్నాడు.

మిగతా ఎనిమిది మంది ఎక్కడికి వెళ్ళారని మేడమ్ అడిగితే, ఇత్తనానికి అని అవ్వ చెప్పింది. మా దగ్గర ముయ్యి అనే పద్ధతి ఉంది. ఒకరి చేలో నేను ఒకరోజు చేస్తే నా చేలో వాళ్ళు ఒకరోజు చేస్తారు. ఆ పొద్దున బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటూనే పన్నెండు మందీ అనుకున్నారట. నలుగురు గదిలో ఉండాలి, ఎనిమిది మంది ఆ నలుగురి చేలు కూడా ఇత్తాలి. రేపు వంతులు మారతాయి. ఆ పిల్లకు ఫోన్ చేసి అడగలేదా అని మేడమ్ అంటే, దాన్నెందుకు అడగాల, ఇత్తనం మేమే కదా ఇత్తేది అని అవ్వ అందట. ఆ మాట ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో చెప్పాక ఆయన అక్కడే నేల మీద కూర్చుని, ఎవరు ఎవరి చేనికి పోయారో అడిగి అడిగి తన పుస్తకంలో గీతలు గీసుకున్నాడు. ఆలస్యం అందుకే.

సారు వచ్చేముందు నిన్నటి సంగతి అడిగాడు. నిన్న ఏమీ లేదన్నారు కదా, ఎందుకలా చెప్పారని. దానికి అవ్వ చెప్పిన మాట మేడమ్ ఉన్నదున్నట్టు నాకు అప్పజెప్పారు.

"అది కరువోళ్ళకు చెప్పే మాట సామీ. చేను పోయిన మాట నిజమే కదా, చెట్టు చూసినారు కదా. మీరు రొట్టెలు చూడ్డానికి వచ్చినారని ముందే అనింటే రొట్టెలే చూపించింటాము."

ఆ పిల్ల వరండా మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళారు.

నివేదిక మరుసటి రోజు వెళ్ళింది. అందులో రెండు సందర్శనల సంగతీ రాశారు. రెండోసారి చూసింది మెచ్చుకుంటూ మూడు వాక్యాలున్నాయి, ఇది మొదలుపెడుతూ నేను చెప్పిన ఆ ఒక్క వాక్యం కూడా ఉంది; ఏడాది నివేదికలోకి ఎక్కినవీ అవే. తర్వాతి వారం సీటు ఖాయమైంది. ఆ పిల్ల ఇప్పుడు అక్కడ చదువుకుంటోంది. రొట్టెలు బస్సుకు పోతున్నాయి.

నాకు సంబంధించింది ఇంకొకటి ఉంది, దాచకూడదు. మేడమ్ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి మర్యాదగా చెప్పారు. అనువాదాలు మీరే చేయాలి, మీ అంత బాగా ఎవరూ చేయరు, ఊళ్ళకు మాత్రం ఇకమీదట మేమే నేరుగా వెళతామని. కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చాను. దారంతా బాధపడ్డాను. ఇంటికి చేరేసరికి ఆమె చెప్పింది సబబేననిపించింది.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని అందరూ ఒకే మాట అన్నారు, కాబట్టి మనుషులను వాళ్ళ పనులతోనే చెబుతాను. నన్ను మళ్ళీ ఒకసారి నమ్మమని సారును ఒప్పించిన మేడమ్‌కు. ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం తానే వెళ్ళిన సారుకు. నేల మీద కూర్చున్న ప్రొఫెసర్‌కు. టీ ఇచ్చిన కాపలా ఆయనకు. నాకు తెలియకుండానే నా తప్పును దిద్దిన పన్నెండు మందికి, వాళ్ళలో అవ్వకు ముందుగా. కూతురు తనతో చెప్పకపోయినా ఆ సాయంత్రం మొదటి మూట లాగిన తల్లికి. విమానం ఎక్కించే రోజు గొర్రెలను పక్క ఊరాయనకు అప్పగించి బెంగళూరు దాకా వచ్చిన తండ్రికి.

ఇంకొకరున్నారు. ఆ గురువారం నేను పట్నంలో కూర్చుని ఉంటే నా చేను పదునులో అట్లాగే పడి ఉండాల్సింది. శుక్రవారం పొద్దున పోయి చూస్తే గొర్రు తోలి, ఉలవలు ఇత్తి, గింజ కప్పే గుంటక కూడా తిప్పి ఉంది. ఎవరు చేశారని ఊరంతా అడిగాను. ఒప్పుకున్నవాళ్ళు లేరు. వాళ్ళకు నేను ముయ్యి బాకీ ఉన్నాను. ఎవరి చేలోకి పోయి తీర్చాలో తెలియక, ఈ ఏడు పిలిచిన ప్రతి ఇంటికీ పోతున్నాను.